చేతిని విడిచిపెట్టే వంట

కోరుట్లలో సాయంత్రం ఆరున్నర. బీడీల చాట ఇంకా ఒడిలోనే ఉంది. ఆ రోజు కట్టల లెక్క ఇంకా తేలలేదు. పెద్దపిల్ల లెక్కల పుస్తకం ముందేసుకుని కూర్చుంది. చిన్నోడు ఆకలైతుందని రెండోసారి అడిగాడు. మా చిన్నమ్మ చాట పక్కకు పెట్టి లేచింది. సబ్బుతో మోచేతుల దాకా రెండుసార్లు చేతులు కడుక్కుంది. తంబాకు వాసన పూర్తిగా పోయేదాకా ఆమె పిండి ముట్టదు. వంటింట్లోకి పోయి, పావుగంటలో తిరిగొచ్చి మళ్లీ చాట ముందు కూర్చుంది. పొయ్యి మీద సర్వపిండి ఒత్తిన సర్వ ఉంది, దాని మీద మూత ఉంది. నేను మాటిమాటికి వంటింటి వైపు చూస్తుంటే అంది:

"దాని దిక్కు జూడకు బిడ్డా. పొయ్యి మీద వెట్టినంక దాని పని అది జేసుకుంటది, మన పని మనం జేసుకుంటం."

తొందరగా అయ్యే రాత్రి భోజనం గురించి నేను విన్న మాటల్లో ఇంతకన్నా పనికొచ్చే మాట ఇంకోటి లేదు. ఉద్యోగం చేసుకుంటూ పిల్లల్ని పెంచే అమ్మానాన్నలు అడిగేదల్లా "ఎన్ని నిమిషాల్లో అవుతుంది?" అని. మా చిన్నమ్మ లెక్క వేరు. వంట ఎంతసేపు అవుతుందన్నది ఆమెకు పట్టదు. తన చేతుల్ని ఎంతసేపు కట్టేస్తుందో చూస్తుంది. గిన్నెలో ఒత్తి చేసే ఆ బియ్యప్పిండి రొట్టె, సర్వపిండి, ఉడకడానికి పావుగంట పడితే పట్టనీ, ఆ పావుగంటలో పిల్లకు లెక్కలు చెప్పొచ్చు, బీడీ కట్టలు కట్టొచ్చు. పది నిమిషాల్లో అయ్యే వంట అయినా పొయ్యి దగ్గర నిలబెడితే, ఆ ఇంటికి అదే ఆలస్యమయ్యే వంట. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల రాత్రి కంచాన్ని ఈ కొలతతో చూస్తే అందులోని పనితనం కంటికి కనిపిస్తుంది.

ఈ మూడు ఊళ్లు 2016 దాకా ఉమ్మడి కరీంనగర్ జిల్లాలోవి. ఆ ఏడాది అక్టోబరు 11న జగిత్యాల, రాజన్న సిరిసిల్ల వేర్వేరు జిల్లాలయ్యాయి. కోరుట్ల జగిత్యాల జిల్లాలో ఉంది. ఎక్కడ చూసినా తీరికలేని ఇళ్లే. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల వాడల్లో ఆడవాళ్లు ఇంట్లో కూర్చుని తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, బీడీలు చుడతారు. కూలి వెయ్యి బీడీల లెక్కన. సిరిసిల్లలో సాంచెలు (పవర్‌లూమ్‌లు) పన్నెండు గంటల షిఫ్టుల్లో నడుస్తాయి. పగటి షిఫ్టు మనిషి ఇంటికి వచ్చే వేళకే రాత్రి షిఫ్టు మనిషి టిఫిన్ డబ్బా పట్టుకుని బయల్దేరాలి. చాలా ఇళ్లలో నాన్న గల్ఫ్‌లో ఉంటాడు. దుబాయి గడియారం మనకన్నా గంటన్నర వెనక. ఇక్కడ ఎనిమిదింటికి పిల్లలు కంచాల ముందు కూర్చుంటే అక్కడ ఆరున్నర. ఫోన్‌లో నాన్న ముఖం కనిపిస్తుంటే తల్లి ఒక్కతే వడ్డిస్తూ, తినిపిస్తూ, మాట్లాడిస్తూ ఉంటుంది. తీరికలేని తల్లిదండ్రులకు వంట అన్నది పట్నాల్లో కొత్తగా పుట్టిన అవసరమని అనుకుంటాం. ఈ ఇళ్లు ఆ లెక్కను ఎన్నడో తేల్చుకున్నాయి.

సర్వలో జరిగేది

సర్వ అంటే అడుగు గుండ్రంగా, మూతి కొంచెం సన్నంగా ఉండే గిన్నె. ఆ గిన్నె పేరే పిండికి వచ్చింది. కొందరు సర్వప్ప అంటారు, కొన్ని చోట్ల గిన్నెప్ప అంటారు, ఇంకొన్ని చోట్ల తపాలచెక్క. వెనకటికి ఇత్తడి సర్వలుండేవి, ఇప్పుడు చాలా ఇళ్లలో సిల్వర్ సర్వలే.

నలుగురున్న ఇంటికి మా చిన్నమ్మ రెండు గ్లాసుల బియ్యప్పిండి తీసుకుంటుంది. అందులో గుప్పెడు నానిన శెనగపప్పు, గుప్పెడు వేయించి పలుకులుగా దంచిన పల్లీలు, రెండు చెంచాల నువ్వులు, జీలకర్ర, ఉప్పు, ఎల్లిగడ్డ కలిపి నూరిన పచ్చిమిర్చి, కరివేపాకు, కొత్తిమీర, సన్నగా తరిగిన ఉల్లాకు. సొరకాయ దొరికిన నాడు తురిమి వేస్తుంది. సొరకాయలో నీళ్లు బాగా ఊరతాయి కాబట్టి ఆ రోజు పిండిలో నీళ్లు చూసుకుని పోస్తుంది. ముద్ద చపాతీ పిండికన్నా మెత్తగా ఉండాలి, చేతికి అంటీ అంటనట్టుండాలి.

శెనగపప్పు ఆమె సాయంత్రం నానబెట్టలేదు. మధ్యాహ్నం అన్నం తినడానికి లేచినప్పుడే గిన్నెలో పోసి నీళ్లు పోసింది. పల్లీలు ఆదివారం వేయించి డబ్బాలో పెట్టింది. పిండి మరాడించి ఉంది. అందుకే ఆరున్నరకు వంటింట్లోకి పోయిన మనిషికి కలపడం, ఒత్తడం తప్ప వేరే పని లేదు. చూసేవాళ్లకు ఆ పావుగంట ఒక్కటే కనిపిస్తుంది. దాని వెనక మధ్యాహ్నపు రెండు నిమిషాలు, ఆదివారపు పది నిమిషాలు ఉన్నాయి.

ఇక ఒత్తడం. చల్లటి సర్వకు లోపలంతా నూనె రాసి ముద్దను అడుగున పెడుతుంది. నాలుగు వేళ్లతో మధ్య నుంచి బయటికి నెడుతుంది. పిండి అడుగంతా పరుచుకుని గోడల మీదికి పాకుతుంది. ప్రతి నెట్టుకూ ఎడమచేత్తో సర్వను కొంచెం తిప్పుతుంది, అందుకే మందం ఎక్కడా తేడా రాదు. అడుగున కొద్దిగా మందంగా, గోడల మీద పలుచగా. పలుచని చోట కరకర, మందమైన చోట మెత్తదనం. ఒకే పిండిలో రెండు రుచులు రావడానికి కారణం ఆ వేళ్ల ఒత్తిడే. మా ఇంట్లో పిల్లలు అంచు ముక్క కోసం కొట్లాడేది ఇందుకే.

తర్వాత చూపుడు వేలితో బొక్కలు. నడుమన ఒకటి, చుట్టూ ఐదారు, గోడల మీద ఇంకొన్ని. ఒక్కో బొక్కలో ఒక్కో చుక్క నూనె. అలంకారానికి పెట్టినట్టుంటాయి గానీ ఆ బొక్కలు చేసే పని పెద్దది. నూనె వాటిలోంచి దిగి పిండికీ సర్వకూ మధ్య పాకి అడుగును వేయిస్తుంది. లోపలి ఆవిరి వాటిలోంచే పైకి వస్తుంది, పిండి ఉబ్బి పగలదు. పైకి వచ్చిన ఆవిరిని మూత ఆపుతుంది, దానితో పైభాగం ఉడుకుతుంది. అంటే ఒకే గిన్నెలో కింద వేపుడు, పైన ఆవిరి ఉడుకు ఒకేసారి జరుగుతున్నాయి. తిరగేయాల్సిన పని లేదు. తిరగేయనక్కర లేని వంట కాబట్టే అది మనిషిని వదిలేస్తుంది.

మంట సన్నగా ఉండాలి. పది నుంచి పదిహేను నిమిషాలు. ఎప్పుడయిందో చెప్పడానికి మా చిన్నమ్మ గడియారం చూడదు, మూత తీయదు. మొదట్లో సర్వలోంచి తడి చప్పుడు వస్తుంది, నీరు ఇగిరేకొద్దీ అది పొడిగా, సన్నగా మారుతుంది. ఆ తర్వాత వేగిన నువ్వుల వాసన ముందు గదిలోకి వస్తుంది. బీడీకి దారం చుడుతూనే ముక్కుతో పట్టేసి లేచి పోతుంది. మూత తీస్తే అంచులు సర్వను విడిచి లోపలికి ముడుచుకుని ఉంటాయి. అట్లకాడ ఒకసారి చుట్టూ తిప్పితే పిండి గిన్నె ఆకారంలోనే లేచి వస్తుంది. అడుగు ఎర్రగా, పైన తెల్లగా, మధ్యమధ్య పచ్చటి ఉల్లాకు.

రెండోది ఒత్తాలంటే కాలిన సర్వలో చెయ్యి పెట్టలేం. సర్వను నీళ్లలో ముంచి చల్లార్చి, తుడిచి, మళ్లీ నూనె రాయాలి. పిల్లలున్న ఇళ్లలో రెండు సర్వలు పెట్టుకునేది అందుకే. ఒకటి పొయ్యి మీద ఉండగా రెండోది ఒత్తి సిద్ధంగా ఉంటుంది. సాంచెల ఊరి వాళ్లకు ఈ లెక్క చెప్పనక్కర లేదు. ఒక నూలు కండె అయిపోయే సరికి ఇంకో కండె చేతిలో ఉండాలని వాళ్లకు తెలుసు.

కంచంలో ఏముంది

ఉత్త బియ్యప్పిండి రొట్టె అయితే కడుపు నిండుతుంది గానీ బలం చాలదు. బియ్యపు మాంసకృత్తుల్లో లైసిన్ తక్కువ. శెనగపప్పులో అది బాగా ఉంటుంది. పప్పుల్లో కొరతగా ఉండే మెథియోనిన్ నువ్వుల్లో దండిగా ఉంటుంది. ధాన్యం, పప్పు, నువ్వు మూడూ ఒకే ముద్దలో కలిస్తే ఒకదాని లోటు ఇంకోటి పూడుస్తుంది. ఈ పిండిని మొదట కలిపిన ఏ ముత్తవ్వకూ లైసిన్ పేరు తెలియదు. సర్వపిండి తిన్న పిల్ల పొద్దుటి దాకా ఆకలనదని మాత్రం ఆమెకు తెలుసు.

ఈ జాగ్రత్త ఇప్పుడు ఇంకా అవసరం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి, ఆరు నెలలు నిండిన ఐదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత కనిపించింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాలు, రోజు మొత్తం శక్తిలో ధాన్యాల నుంచి వచ్చేది 45 శాతం మించొద్దని చెబుతున్నాయి. మిగిలింది పప్పులు, కూరగాయలు, ఆకుకూరలు, గింజలు, పాల నుంచి రావాలి. మన రాత్రి కంచం చాలా ఇళ్లలో తెల్లన్నం గుట్ట, పక్కన చెంచాడు కూర. ఆ గుట్టను తగ్గించి పక్కవాటిని పెంచడమే అసలు పని. సర్వపిండిలో ఆ పని పిండి కలిపేటప్పుడే సగం అయిపోతుంది. పక్కన గిన్నెడు పెరుగో, పొద్దున మిగిలిన పాలకూర పప్పో ఉంటే మిగతా సగం కూడా అవుతుంది.

నువ్వుల సంగతి ఇక్కడ ప్రత్యేకంగా చెప్పాలి. జగిత్యాల దగ్గర పొలాసలో వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. శ్వేత తిల్ అనే తెల్ల నువ్వుల రకం అక్కడి నుంచే రైతులకు అందింది.  పొట్టు తీయని వంద గ్రాముల నువ్వుల్లో దాదాపు వెయ్యి మిల్లీగ్రాముల క్యాల్షియం ఉంటుంది. పాలు తాగని పిల్లలున్న ఇంట్లో నువ్వుల పొడి డబ్బా ఖాళీ కాకుండా చూసుకోవాలి. సద్దుల బతుకమ్మ నాడు చేసే నువ్వుల సద్ది పండుగ వంటే గానీ, మామూలు రాత్రికీ ఎంతో అక్కరకొస్తుంది. వేయించిన నువ్వులు, ఎండుమిర్చి, ఉప్పు కలిపి కొట్టిన పొడి డబ్బాలో ఉంటే, వేడన్నంలో రెండు చెంచాలు వేసి పోపు కలిపితే ఐదు నిమిషాల్లో ముద్ద సిద్ధం.

ఉడికించక్కర లేని పులుసు

సర్వపిండి చేతిని వదిలేస్తే, మిరపకాయ కాల్చడానికి, పోపుకు తప్ప పచ్చిపులుసు పొయ్యినే వదిలేస్తుంది. కుక్కర్‌లో పెసరపప్పు కిచిడి ఉడుకుతుంటే పక్కన పచ్చిపులుసు పిసకడం తెలంగాణ ఇళ్లలో ఎంతో పాత జోడీ. రెండు గ్లాసుల బియ్యానికి గ్లాసు పెసరపప్పు, చిటికెడు పసుపు, జీలకర్ర, కరివేపాకు, ఉప్పు, ఓ నాలుగు కూరగాయ ముక్కలు. పసుపుకు ఈ ఇళ్లలో కొదవ లేదు, కోరుట్ల, మెట్‌పల్లి చుట్టుపక్కల పొలాల్లో పండేదే. మూత పెట్టి మూడు విజిల్స్ వచ్చేదాకా ఇక దాని వైపు చూడక్కర లేదు.

ఆ మూడు విజిల్స్ లోపలే పులుసు అయిపోవాలి. నిమ్మకాయంత చింతపండు ముందే నానబెట్టి ఉంటుంది. నాలుగు పచ్చిమిరపకాయలను పొట్టు నల్లబడేదాకా మంట మీద కాల్చాలి. వాటిని ఉప్పు, జీలకర్రతో గిన్నెలోనే మెదపాలి. సన్నగా తరిగిన ఉల్లిగడ్డను వేసి చేత్తో గట్టిగా పిసకాలి. రుచంతా ఈ పిసకడంలోనే ఉంది. కత్తి కోసిన ఉల్లిగడ్డ ముక్కగానే మిగులుతుంది. చెయ్యి పిసికిన ఉల్లిగడ్డ ఘాటు తగ్గి, రసం వదిలి, పులుసులో కలిసిపోతుంది. తర్వాత చింతపండు రసం, సరిపడా నీళ్లు, చెంచాడు నువ్వుల పొడి, చిన్న బెల్లం ముక్క, కొత్తిమీర. చివర ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి పోపు.

నువ్వుల పొడి పడగానే పులుసు రంగు తెల్లగా మారి, కొంచెం చిక్కబడుతుంది. కిచిడిలోని పప్పు, పులుసులోని నువ్వులు, పచ్చి ఉల్లిగడ్డ, కొత్తిమీర కలిసి ఒక కంచానికి కావలసినవి దాదాపు అన్నీ సమకూరతాయి. పిల్లలకు కారం తక్కువ కావాలంటే మిరపకాయను చివర్లో మెదిపి కలపాలి, అంతకు ముందే కొంత పులుసు వేరే తీయొచ్చు. ఒకే వంటతో చిన్నోళ్లకూ పెద్దోళ్లకూ సరిపోవడం తీరికలేని ఇంట్లో చాలా పెద్ద ఊరట.

రెండు చేతులు కావలసిన రొట్టె

అన్ని వంటలూ చేతిని వదలవు. జొన్నరొట్టె వదలదు. జొన్నపిండికి గోధుమపిండి లాంటి జిగురు లేదు. మరిగే నీళ్లు పోస్తేనే పిండిలోని గంజి కొంత ఉడికి అంటుకుంటుంది. పీట మీద పొడిపిండి చల్లి, ముద్దను అరచేత్తో కొడుతూ తిప్పుతూ సన్నగా పరచాలి. పెంక మీద వేశాక పైన తడిచెయ్యి పూయాలి, ఆ తడి ఆరే లోపు తిప్పాలి, ఆపైన నిప్పు తగిలి పొంగాలి. ఒక్కో రొట్టెకూ రెండు చేతులూ కావాలి, కన్ను కూడా పెంక మీదే ఉండాలి.

అందుకే అది ఇద్దరుండే రాత్రి వంట. ఒకరు కొట్టాలి, ఒకరు కాల్చాలి. సాంచె దిగి వచ్చిన భర్త పెంక ముందు నిలబడి రొట్టెలు తిప్పే ఇళ్లు సిరిసిల్లలో నేను చూశాను. సాంచె నడిపిన చేతికి సమయం తెలుసు, తడి ఆరేది కనిపెట్టడం దానికి కష్టం కాదు. పిల్లలకు చిన్న ముద్ద ఇస్తే అరచేయంత రొట్టె వాళ్లే కొట్టుకుంటారు. తాము కొట్టిన రొట్టెను ఏ పిల్లా కంచంలో వదిలిపెట్టదు. జొన్నరొట్టెలోకి గంగవాయిలి కూర పప్పు, పుంటికూర, లేదా పల్లీల పొడి ఏదున్నా చాలు. జొన్నల్లో పీచు ఉంటుంది, అరుగుదల నిదానంగా అవుతుంది, చక్కెర జబ్బు ఉన్న తాతకూ నానమ్మకూ ఇదే కంచం పనికొస్తుంది.

ఆకుకూర విషయంలోనూ ఈ ఇళ్ల పద్ధతి గమనించదగ్గది. గంగవాయిలి కూర, తోటకూర, బచ్చలికూర ఏరడమే ఎక్కువ సేపు పట్టే పని. ఆ పనిని సాయంత్రానికి మిగల్చరు. మధ్యాహ్నం గడప దగ్గర కూర్చుని, పక్కింటి వదినతో మాట్లాడుతూ ఏరేస్తారు. రాత్రి కడగడం, పప్పులో వేయడమే. కందిపప్పుతో గంగవాయిలి కూర, ఎండాకాలమైతే జగిత్యాల మామిడికాయ ముక్కలు నాలుగు. ఆ పులుపు రుచికే కాదు, ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టడానికీ సాయం చేస్తుంది.

చేతిపని ఎవరిది

ఈ వంటలను పొగుడుతున్నప్పుడు ఒక మాట దాచిపెట్టకూడదు. మా చిన్నమ్మ సర్వ ఒత్తే నేర్పు ఎంత అందమైనదో, ఆ రోజంతా బీడీలు చుట్టిన వేళ్లు మళ్లీ పిండి ఒత్తాల్సి రావడం అంత బరువైనది. సర్వపిండి ఆమె చేతిని పావుగంట విడిచిపెట్టింది, అయితే ఆ పావుగంట మళ్లీ బీడీల చాటకే పోయింది. నేర్పు ఒక్కరి దగ్గరే ఆగిపోతే అది భారమవుతుంది. పిల్లాడు పల్లీలు దంచితే, పెద్దపిల్ల ఉల్లిగడ్డ పిసికితే, నాన్న ఇంట్లో ఉన్న నాడు రొట్టె కాలిస్తే ఆ నేర్పు ఇంటి ఆస్తి అవుతుంది. గల్ఫ్‌లో గదుల్లో ఉంటున్న మగవాళ్లు చాలామంది సొంతంగా వండుకుని తింటున్నారు. సెలవుకు ఇంటికి వచ్చినప్పుడు ఆ చేతులు వంటింట్లోనూ కనిపించాలి.

బజారులో ప్యాకెట్ నూడుల్స్, కర్రీ పాయింట్ కూరలు ఎప్పుడూ దొరుకుతాయి. అలసిపోయిన రాత్రి ఎవరైనా అటు పోతే తప్పుపట్టలేం. రోజూ అటే పోవాల్సిన అవసరం మాత్రం ఈ ప్రాంతానికి లేదు. నానబెట్టిన గుప్పెడు పప్పు, డబ్బాలో నువ్వుల పొడి, ఏరి పెట్టుకున్న ఆకుకూర, మూత ఉన్న ఒక గుండ్రటి గిన్నె, ఇవి ఇంట్లో ఉంటే సగం వంట అయినట్టే.

ఈ ఆదివారం ఒక గిద్దెడు నువ్వులు, గిద్దెడు పల్లీలు వేయించి వేర్వేరు డబ్బాల్లో పెట్టుకోండి. సోమవారం మధ్యాహ్నం గుప్పెడు శెనగపప్పు నానబెట్టండి. సాయంత్రం పిల్లల్ని పిలిచి, చేతులు కడిగించి, సర్వలో బొక్కలు పెట్టే పని వాళ్లకు ఇవ్వండి. మంట సన్నగా పెట్టి, మూత వేసి, వచ్చి వాళ్ల పక్కన కూర్చోండి. పావుగంట మీది.